మగ్గం షెడ్డు కూడా ఇల్లే

సురేశా,

పక్కవాళ్లు సెల్లార్ తవ్వితే మన మగ్గం షెడ్డు గోడ కూలి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నువ్వు లేవలేకనే కన్నుమూసి నేటికి ఏడాది. ఈ రోజు ధర్మవరం మున్సిపల్ ఆఫీసులో మీటింగుకు పోయినాను. ఇండ్ల పక్కన తవ్వే ముందు అడ్డుగోడ కట్టాలనే నిబంధన పెట్టమని ఆర్కిటెక్టుల సంఘం అర్జీ తెచ్చింది. అందులో 'నివాస గృహాలు' అని మాత్రమే ఉంది. మగ్గం షెడ్డు కూడా చేర్చమని లేచి అడిగినాను.

ఆ సెల్లార్ తవ్వించిన బిల్డరూ ఆడనే ఉండె, నవ్వినాడు. "ఏమవ్వా, షెడ్డులో యాడన్నా మనుషులుంటారా? ఆడ ఉండేది మగ్గాలు."

"ఆడ నా మనవడుండెరా!" అని చెంప పగలగొట్టినాను.

అతని మనుషులు కుర్చీలు విసిరినారు. సంఘం కార్యదర్శి, నీ ఈడు పిల్ల, నాకు అడ్డం వచ్చింది. ఆమె నుదురు చిట్లింది. పోలీసులు వాళ్లను బయటికి ఈడ్చేలోపే, నెత్తురు కారుతుండగానే, ఆ పిల్ల అర్జీలో 'మగ్గం షెడ్డు' అని రాసింది.

కమిషనర్ కాగితం ముట్టుకోలేదు. "ఈ మరకలేందమ్మా? శుభ్రంగా రాసుకోని రేపు రాండి."

"ఈ పొద్దే తీసుకోండి సార్" అన్నాను. తీసుకున్నాడు.

చిన్నప్పుడు బడి పుస్తకంలో సిరా మరక పడితే నీ చేత పేజీ అంతా మళ్లీ రాయించేదాన్ని. ఈ కాగితాన్ని మాత్రం మళ్లీ రాయనియ్యలేదు.

మీ అవ్వ