మూడో రోజున మూన్ కేకులు

పున్నమి రాత్రి, గౌడవెల్లి

గెలిచాను! నిజానికి గెలిచింది అత్తమ్మ. డైరీ నాది కనుక సగం గెలుపు నాకే రాసుకుంటున్నాను.

నా దగ్గర భక్ష్యాలు కొనే కొంపల్లి విల్లాలోని చైనా ఆవిడ, లిన్, తమ పున్నమి పండక్కి మూన్ కేకులు చేసిపెట్టమని చెక్క అచ్చు ఇచ్చింది కదా. మొన్న పెసరపప్పు పూర్ణం పెట్టి, అచ్చులో ఒత్తి, ఓవెన్‌లో కాల్చాను. చల్లారేసరికి పైపొర పెంకులా బిగుసుకుపోయింది. ఏడుపొచ్చింది. బర్రెకు వేద్దామని బుట్ట ఎత్తాను.

అత్తమ్మ అడ్డం వచ్చింది. "ఎందుకే గింత పరేషాన్? తొక్కు పెట్టిన నాడే తింటమా? మూడొద్దులు మూతవెట్టి ఉంచు. నూనె పైకొచ్చి మెత్తవడ్తది."

ఆమె జన్మలో మూన్ కేకు చూసి ఎరగదు. అయినా డబ్బాలో సర్ది మూత పెట్టాను.

ఈ సాయంత్రం లిన్ ఇంట్లో మూత తీస్తే, వేలు పెడితే దిగేంత మెత్తగా, నిగనిగలాడుతూ ఉన్నాయి! వాళ్లూ రెండు మూడు రోజులు ఆగాకే తింటారట. ఆ మాట నాకు చెప్పడం మరిచిందట, మహాతల్లి.

ఒక కేకును ఇంట్లోవాళ్లు ఎందరో అన్ని ముక్కలు కోస్తారట, దూరాన ఉన్నవాళ్లతో కలిపి. తనకు, భర్తకు, చైనాలో ఉన్న అమ్మకు మూడు చాలు. లిన్ ఐదు కోసింది. ఒకటి నాకు, ఒకటి అత్తమ్మకు.

వచ్చే పండక్కి లిన్ ఇక్కడే ఉంటుందో, వెళ్లిపోతుందో... అచ్చు మాత్రం నన్నే ఉంచుకోమంది.

ఇంటికి తెచ్చిన ముక్క నోట్లో వేసుకుని, అత్తమ్మ "తీపి జర తక్కువైంది" అంది. తర్వాత అచ్చు కడిగి, తుడిచి, తన తొక్కు జాడీల పక్కన పెట్టుకుంది.