రాణి ఇల్లు వదిలిన దినం

బెంగళూరు కుందలహళ్ళి నివాసి, కీర్తిశేషులు వెంకటరాయప్ప గారి భార్య కెంపమ్మ అనే నేను, డెబ్బై దాటిన వయసులో, నా సొంత చేత్తో వ్రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ మతి సరిగ్గా ఉంది. దీన్ని వ్రాయమని ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, తేనె పూసిన మాటలు చెప్పలేదు. తేనె పని చేసేదాన్ని, అలాంటి మాటలకు పడను. ఇంతకు ముందు ఒక చిత్తు వ్రాసి చించేశాను. ఎందుకు చించానో ఆరో అంశంలో చెబుతాను.

1. ముందు ఈ ఆస్తి నాకు ఎలా సంక్రమించిందో చెప్పాలి. నా భర్త తన వీలునామాలో వ్రాసిన మాటలు ఇవి: "ఇల్లూ సైటూ నా భార్యకు. రాణి ఇల్లు వదిలిపోయిన దినం అంతా నా అన్న కొడుకు నాగరాజ్‌కు చెందాల."

మాకు పిల్లలు లేరు. పెరట్లో తేనెపెట్టెలు ఉన్నాయి. పెట్టెను ఆయన ఎప్పుడూ పెట్టె అనేవాడు కాదు, ఇల్లు అనేవాడు. గోడ పక్క ఇంట్లో రాణి ముసలిదైంది, జామచెట్టు కింద ఇంటికి చీమలు పట్టాయి, ఇలాగే ఉండేది మాట. రాణి అంటే గుడ్లు పెట్టే తల్లి ఈగ. అయితే మనసు బాగున్న రోజు నన్ను కూడా "రాణీ" అనే పిలిచేవాడు. వీలునామాలో ఆ మాట ఎవరి గురించి వ్రాశాడో అడుగుదామంటే, గుండెపోటుతో ఆ సంగతి తనతోనే తీసుకుపోయాడు.

రాణి అంటే ఈగే అయితే, ఆ ఈగ పెట్టె వదిలి పోయిన రోజు నాకు నిలువ నీడ పోతుంది. రాణి అంటే నేనే అయితే, నేను ఒక రాత్రి ఇంకో చోట పడుకున్నా పోతుంది. ఏది నిజమో చెప్పేవాళ్ళు లేక రెంటికీ కట్టుబడ్డాను. ఈగను పోనివ్వలేదు, నేనూ పోలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ప్రేమతో వ్రాసినా కోపమే, అనుమానంతో వ్రాసినా కోపమే.

2. నా పని ఏమిటో తెలియని వాళ్ళ కోసం ఈ అంశం. చలి తగ్గి కానుగ పూతకు వస్తే అందరికీ వసంతం, నాకు జ్వరం. పెట్టెల్లో ఈగలు కిక్కిరిసిపోతాయి. కొత్త రాణిని పెంచడం మొదలుపెడతాయి. అది పుట్టే వేళకు పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని వేరే చోటు వెతుక్కుంటూ లేచిపోతుంది. వాటి పుట్టుక అంత. దానికి అడ్డుపడటమే నా పని. ఈగలు పట్టు కట్టే చట్రాలు ఒక్కొక్కటే ఎత్తి, అంచున వేరుశనగ కాయల్లా వేలాడే కొత్త రాణి గదుల్ని కత్తితో కోసేదాన్ని. చోటు చాలాలని పైన ఇంకో పెట్టె ఎక్కించేదాన్ని. పెట్టె వాకిట్లో రాణి గేటు బిగించేదాన్ని. అది సన్నని సందులున్న రేకు. పని ఈగలు దూరిపోతాయి, ఒళ్ళున్న రాణి దూరలేదు.

అయినా ఒక్కో రోజు ఈగలన్నీ ఒక్కసారిగా బయటపడి, పెరడంతా చీకటి చేసి, గుంపుగా తిరిగేవి. రాణి రాదు. కాసేపటికి మళ్ళీ ఆ సందుల్లోంచే లోపలికి పోయేవి. అవి వెనక్కి రావడం చూస్తే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చేది. లోపల రాణి సంగతి ఆలోచించేదాన్ని కాదు. ఆలోచిస్తే గేటు బిగించలేను.

3. చింతామణిలో ఉన్న నా చెల్లెలు చౌడమ్మకు నా ఇత్తడి బిందె, నా రెండు పట్టుచీరలు, ట్రంకు పెట్టెలో ఉన్న నీలం గళ్ళ దుప్పటి ఇస్తున్నాను. దుప్పటి కొత్తది. దాని ఇంట్లో నాలుగు రోజులు ఉండి వద్దామని నగర్తపేటలో కొన్నాను, ఇంతవరకూ మడత విప్పలేదు. చౌడమ్మ మొగుడు పోయింది కూడా కానుగ పూత రోజుల్లోనే. పరుగున వెళ్ళాను. పొద్దు వాలుతుంటే, శవం లేవక ముందే, ఏడుస్తున్న చెల్లెలి చేతులు విడిపించుకుని బెంగళూరు బస్సెక్కాను. అది నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

4. పైన చెప్పిన నాగరాజ్‌కు నా దగ్గరున్న రాణి గేట్లన్నీ ఇస్తున్నాను. ఒక్కటి కూడా ఎవరూ ఉంచుకోరాదు. ప్రతి వసంతానికీ వాడు తప్పకుండా వచ్చేవాడు. కాఫీ తాగి, పెట్టెల వైపు ఒక చూపు చూసి, నవ్వుతూ అడిగేవాడు: "చిన్నమ్మా, రాత్రి యాడ పండుకుంటివి?" బంధువులకు అది యోగక్షేమం, నాకు పోలీసు విచారణ.

పోయిన సంవత్సరం పిత్తాశయంలో రాళ్ళని నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టారు. నేను ఇంటికి చేరేలోపే వాడు కోర్టుకెక్కాడు, రాణి ఇల్లు వదిలిందని. నా తరఫున లాయరు ప్రేమకుమారి గారు వాదించారు. ఈ సంక్రాంతి అయ్యాక తీర్పు వచ్చింది. ఏ రాణో, ఏ ఇల్లో తేలని షరతు షరతే కాదట. మొదటి నుంచీ చెల్లదట. ఆస్తి మొదటి నుంచీ పూర్తిగా నాదేనట. కోర్టు మెట్ల మీద కూర్చుని నవ్వాను, తర్వాత ఏడ్చాను. లేని తాడుకు ఇన్నేళ్ళు కట్టుబడి ఉన్నానన్నమాట. దాన్ని తెంపింది నాగరాజే, కావాలని కాకపోయినా. అందుకే వాడిని ఈ వీలునామాలో మరిచిపోలేదు.

5. నా ఇంటికి మూడు పక్కలా లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్ళకు నేను ఇచ్చేది ఏమీ లేదు. నా ఈగలు వాళ్ళ ఈతకొలనులో నీళ్ళు తాగాయని మందు కొట్టించారు. చచ్చిన వాటిని చీపురుతో ఊడ్చాను. వాళ్ళలో మూడో అంతస్తు బాల్కనీలో ఉండే అమ్మాయికి మాత్రం ఒక సీసా కానుగ తేనె. ఈగలు మునగకుండా పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెడుతుంది. పేరు తెలియదు. ఎర్ర బకెట్టు ఉండే బాల్కనీ అని అడిగితే చూపిస్తారు.

6. చౌడమ్మ కూతురు మునిలక్ష్మి చదువు కోసం నా దగ్గరికి వచ్చి, తర్వాత బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చూసుకుని నాతోనే ఉండిపోయింది. ఈగల్ని నెమ్మదింపజేసే పొగడబ్బా పట్టడం, కుట్టించుకుని నవ్వడం నేర్చుకుంది. చించేసిన చిత్తులో నేను ఇలా వ్రాశాను: "మునిలక్ష్మి తేనెపెట్టెలు సాకినంత కాలం ఇల్లు ఆమెది." ఇంత కష్టపడ్డ పని ఎవరో ఒకరు నిలబెట్టాలని నా ఆశ. అది చదివి ఆ పిల్ల నవ్వింది. "నాకూ గేటు తగిలిస్తా ఉండావా పెద్దమ్మా?" అంది. అని లోపలికి పోయి గిన్నెలు తోమడానికి కూర్చుంది. తోమినవే మళ్ళీ తోముతోంది. మైసూరులో దానికి పెద్ద ఉద్యోగం వచ్చిందని, నా కోసం వద్దనుకుంటోందని చౌడమ్మ ఫోనులో చెప్పేదాకా నాకు తెలియదు.

కాబట్టి ఇల్లు, సైటు, నా పేర బ్యాంకులో ఉన్నది నా అనంతరం మునిలక్ష్మికి సర్వహక్కులతో చెందుతాయి. షరతు లేదు. ఉండవచ్చు, పోవచ్చు, బిల్డరుకైనా అమ్ముకోవచ్చు. ఈ అంశంలో ఏ మాటకైనా రెండు అర్థాలు కనబడితే, ఆ పిల్లకు నచ్చిందే అర్థం.

7. తీర్పు వచ్చాక కూడా ఈ వసంతంలో నేను గేట్లు బిగించాను. చేతులు వాటంతట అవే బిగించాయి. "ఇంగేం అడ్డముందక్కా, రా" అని చౌడమ్మ పిలిస్తే, "కానుగ పూసిందే, ఎట్లొచ్చేది" అన్నాను. ఫోను పెట్టేశాక వాకిలి దగ్గర నిలబడ్డాను. పట్టుకున్నవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. కాలు గడప దాటలేదు. ఆ పూట నా మీద నాకే భయం వేసింది.

తేనెపెట్టెల్ని ఎవరికీ ఇవ్వడం లేదు. ఉన్నచోటే, వాకిళ్ళు తెరిచి వదిలేయాలి. నిన్న గేట్లన్నీ నేనే ఊడదీశాను. ఇవాళ ఎండ ఎక్కాక జామచెట్టు కింద పెట్టెలోంచి గుంపు లేచింది. ఈసారి వెనక్కి రాలేదు. అపార్ట్‌మెంటు గోడ దాటి, తూర్పుకు పోయింది. నేను గుంపును పట్టే సంచీ కోసం లేవలేదు. కూర్చుని చూశాను.

8. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ప్రేమకుమారి గారిది. ఇంతవరకు కుందలహళ్ళిలో వ్రాశాను. సాక్షులు దొరికిన చోట సంతకం పెడతాను.

9. సంతకానికి ముందు ఒక సవరణ. మూడో అంశంలో దుప్పటి కొత్తదని వ్రాశాను. ఇప్పుడు అది కొత్తది కాదు. రాత్రి మడత విప్పి కప్పుకున్నాను. చౌడమ్మ పాతదే తీసుకోవాలి.

తేది: 2026 మార్చి 29
చోటు: చింతామణి, మా చెల్లెలి ఇల్లు

సంతకం: కెంపమ్మ

మా ఎదుట ఆమె, ఆమె ఎదుట మేము సంతకాలు చేశాము:
1. మస్తాన్, బస్టాండు నుంచి ఆమెను ఇంటికి చేర్చిన ఆటో డ్రైవరు
2. సమీనా, పక్కింటి టీచరు