తెర మీద లేని మసక

మర్జాన్ తల్లీ,

సిమ్యులేటర్‌లో నేను మార్చినవన్నీ మళ్ళీ మామూలుగా పెట్టెయ్. చూపు ఆనే దూరాన్ని రెండు వందల నుంచి మూడు కిలోమీటర్లకు దించు. నేను తీసేసిన పొగమంచు కూడా పెట్టు. చలికాలంలో అల్మాటీ మీద ఆ మాత్రం మసక ఉంటుంది. రేపటి పరీక్షకు అందులోనే విమానం దింపడం నేర్చుకో.

రన్‌వే కనబడడం లేదని మూడు వారాలుగా ఆ ప్రోగ్రామునే తిట్టాను. నిన్న నువ్వు "కొండలు కడిగిన గాజులా ఉన్నాయి, ఇంకేం తుడుస్తావు నాన్నా?" అన్నావు. "నోర్ముయ్, ముప్ఫై ఏళ్ళుగా విమానం నడుపుతున్నది నువ్వా నేనా?" అని అరిచాను. కోపంతో కాదు, భయంతో అరిచాను. నీకు గాజులా ఉన్న చోట నాకు పాలు ఒలికినట్టుంది.

ఈ ఉదయం తల్దికోర్గాన్ నుంచి ఒక రోగిని విమానంలో తేవాలి. నేను నడపలేనని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. నా బదులు మా తోటి పైలట్ ఎర్మెక్ వెళ్తున్నాడు. నేను కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాను.

అమ్మకు నేనే చెబుతాను, నువ్వు నోరు జారకు. పొయ్యి మీద సోర్పా, అదే మాంసం చారు, ఉంది, వేడి చేసుకుని తాగు.

నాన్న

అన్నట్టు, కంట్లో చుక్కలు వేస్తే సాయంత్రం దాకా దారి సరిగా కనబడదట. నాలుగింటికి ఆసుపత్రి గేటు దగ్గరికి రా. నీ చెయ్యి పట్టుకుని వస్తాను.