అనాస పిప్పి, వెనక గది

తమ్ముడికి,

ఆశీస్సులు. నేను పెరట్లో సారా కాస్తున్నానని పిన్ని కూతురు నీకు ఫోనులో చెప్పిందట. ఆ మాట సరిదిద్దుతున్నాను. సారా నేను కాయలేదు. అది తనంతట తానే తయారైంది.

పండ్లరసం ఫ్యాక్టరీవాళ్లు రసం పిండుకుని పారబోసే అనాస పిప్పిని తెప్పించి, తవుడూ సోయా పిండీ కలిపి, ఎదిగే వయసులో ఉన్న నా పందులకు పెడుతున్నాను. పిప్పిని డ్రమ్ముల్లో గాలి చొరకుండా తొక్కి మూత బిగించాలి. మొన్న ఒక మూత సరిగా పడలేదు. పిప్పి పులిసి పొంగింది, పందులు తిన్నాయి, గేటు తోసుకుని ఊరేగాయి. ఒకటి పోస్ట్‌మ్యాన్ సైకిలుకు వంగి వంగి నమస్కరించింది. ఇంకొకటి బ్యాంకు మెట్ల మీద గుర్రుపెడుతుంటే మేనేజరు దాన్ని దాటుకుని లోపలికి వెళ్లాడు. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని, మూత విషయంలో పొరబడ్డందుకే సిగ్గుపడుతున్నాను.

అక్క

తా.క. పులుపు సరిచూడడానికి ప్రతి సాయంత్రం ప్రతి డ్రమ్ము నుంచీ కాస్త నాలుక మీద వేసుకుంటాను. ఆ మాట మాత్రం నిజమే.

---

అక్కయ్యకు నమస్కారాలు.

నీ తా.క. చదివి నీ మరదలు కుర్చీలో కూలబడింది. ప్రతి సాయంత్రమా? ప్రతి డ్రమ్ము నుంచా? అసలు పంది సైకిలుకు దణ్ణం పెట్టడం ఇంకెవరైనా చూశారా, నీ ఒక్కదానికే కనబడిందా?

ఇక చాలక్కా. ఒంటరిగా ఉండి ఇలా అయిపోయావు. మా వెనక గది ఖాళీ చేయించి సున్నం వేయించాను. ఆదివారం వ్యాను తెస్తున్నాను. నాతోపాటు కసాయి కూడా వస్తాడు, పందుల సంగతి అతను చూసుకుంటాడు.

నీ తమ్ముడు

తా.క. గదికి గొళ్లెం బయటవైపు ఉంది. ఏమీ అనుకోకు.

---

తమ్ముడికి,

ఆశీస్సులు. గొళ్లెం గురించి ఏమీ అనుకోలేదు. కసాయి గురించి మాత్రం చాలా అనుకున్నాను. ఇంకా కండ పట్టని పిల్లల్ని కోయించడం తెలివితక్కువ పని.

పశువైద్యుడు వచ్చి చూశాడు. పిప్పి ఎక్కువైతే పొట్ట నిండుతుంది గాని ఒళ్లు రాదన్నాడు. ఒక్కసారిగా మాన్పిస్తే బెంగపడతాయట, అందుకని మెల్లగా తగ్గిస్తున్నాము.

ఇక్కడ అనాస సీజను ముగుస్తోంది. మీ గోడ పక్కన ఉన్న ఆపిల్ రసం ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడుస్తుందా? వెనక గది ఎంత పెద్దది? అందులో ఎండ పడుతుందా?

అక్క

తా.క. నిన్న ఫ్యాక్టరీ మేనేజరూ, పశువైద్యుడూ, నేనూ డ్రమ్ముల చుట్టూ కూర్చుని అన్నీ రుచి చూశాము. మేనేజరు పాట కూడా పాడాడు. గొంతు పరవాలేదు.

---

అక్కయ్యా!

పాట సంగతి నీ మరదలికి చదివి వినిపించలేదు. గది కొలతలు అడిగావు చూడు, ఆ ఒక్క ముక్కకే నా కళ్లు చెమర్చాయి. వస్తున్నావన్నమాట! పెద్ద గదే, ఎండ పొడ తగలదు, వేసవిలోనూ చల్లగా ఉంటుంది. ఈ రోజు నుంచి అది నీదే. అందులో ఏం పెట్టుకున్నా ఎవరూ నోరెత్తరు, నీ మరదలు మాటిచ్చింది. నువ్వే వస్తానన్నాక తొందరేముంది, కసాయిని రావద్దని చెప్పేశాను.

నీ తమ్ముడు

తా.క. ఆ ఫ్యాక్టరీ ఏడాదంతా నడుస్తుంది. ఎందుకడిగావు?

---

తమ్ముడికి,

ఆశీస్సులు. గది ఇచ్చినందుకు కృతజ్ఞతలు. కసాయిని మాన్పించినందుకు మరీ మరీ కృతజ్ఞతలు. నేను రావడం లేదు. డ్రమ్ములు వస్తున్నాయి.

ఆ ఆపిల్ ఫ్యాక్టరీ కూడా మా అనాస ఫ్యాక్టరీ మేనేజరు చేతికిందే ఉంది. ఖాళీ డ్రమ్ముల లారీ ఈపాటికి మీ వీధి మలుపు తిరుగుతూ ఉండాలి. గోడ పక్కనుంచి వచ్చే ఆపిల్ పిప్పిని గట్టిగా తొక్కి మూతలు బిగించు, నీ బరువు అందుకు చక్కగా సరిపోతుంది. వారానికోసారి నా మనిషి వచ్చి నిండిన డ్రమ్ములు పట్టుకుపోతాడు. గొళ్లెం బయటవైపు ఉండడమే మేలు. మూతలు ఎగిరినా పిప్పి మరదలి వంటింట్లోకి రాదు.

సాయంత్రం రుచి చూడడం మరువకు. వీధిలో ఎవరైనా ఏమైనా అంటే నాకు రాయి. ఎలా సరిదిద్దాలో నేర్పుతాను.

అక్క

తా.క. నువ్వు గది ఇస్తావో లేదోనని నేను ఆగలేదు. నీ మొదటి ఉత్తరంలో గొళ్లెం మాట చదివిన పూటే, నీ ఇంటి చిరునామా వేసి రెండేళ్లకు ఆపిల్ పిప్పి ఒప్పందం మీద సంతకం చేశాను.