సగం బస్సులకు సరిపడా

మార్చి 3
డైరెక్టర్ గారు పిలిచి కొత్త పని నెత్తిన పెట్టారు. రెండేళ్లలో మా ప్రాంతం బస్సులన్నీ ఇక్కడే తయారయ్యే గ్యాసుతో నడవాలట. పశువుల పేడ, మార్కెట్లో కుళ్ళిన కూరగాయలు, కోతల తర్వాత మిగిలే చెత్త, దేంతో చేసినా సరేనట. ప్లాను మాత్రం నేనే వెయ్యాలట. తల ఊపి వచ్చాను. ఈ మధ్య నాకు చేతనవుతున్నది అదొక్కటే.

మార్చి 14
లెక్క ఎటు తిప్పినా గ్యాసు సగం బస్సులకే వస్తోంది. ఆయనకి చూపించాను. రిపోర్టులో ‘సగం’ అనే మాట కనిపించకూడదమ్మా అన్నారు.

మార్చి 15
మెడ నొప్పి. సెలవు పెట్టలేదు.

మార్చి 21
ఆయనే దారి కనిపెట్టారు. గ్యాసు పెరగకపోతే బస్సులే తగ్గిద్దాం, జనం ఎక్కని రూట్లు తీసేద్దాం అన్నారు. నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేదు. అన్నిటికంటే తక్కువ జనం ఎక్కేది గుట్ట రూటు. దాని చివరి స్టాపు దగ్గరే మా అక్క ఇల్లు. సిటీ ఆసుపత్రిలో నర్సు. అరిగిపోయిన మోకాళ్ళతో ఆ బస్సు ఎక్కే డ్యూటీకి వస్తుంది.

మార్చి 22
అక్క ఫోన్ చేసింది. తనకి లేటైతే డ్రైవర్ హారన్ కొట్టి మరీ ఆగుతున్నాడని మురిసిపోయింది. రూటు తీసేసే సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 2
అక్క డ్యూటీలో ఉండే టైం చూసుకుని గుట్ట మీదకి వెళ్ళాను. ఎటు చూసినా పశువుల కొట్టాలు, వెనక పేడ కుప్పలు. ఇదంతా లారీల్లో సిటీ ప్లాంటుకి దించాలంటే బోలెడు డీజిల్ అవుతుందని లెక్కలోంచి తీసేశాం. అసలు దించడం ఎందుకు? చిన్న ప్లాంటు అక్కడే పెడితే ఆ ఊరి బస్సు అక్కడే గ్యాసు నింపుకుంటుంది కదా! ఒళ్ళు తేలికైంది. ఎన్నాళ్ళైందో ఇలా అనిపించి.
తిరిగొచ్చి చెబితే, ఊళ్ళోవాళ్ళు ఒప్పుకుంటే చూద్దాం అన్నారు డైరెక్టర్ గారు.

ఏప్రిల్ 21
గుట్ట మీద స్కూలు హాల్లో మీటింగ్. నేను చెప్పడం అయిందో లేదో అక్క లేచింది. ఊరంతా కంపు కొడుతుంది, పిల్లలు తిరిగే చోట గ్యాసు ట్యాంకులేంటి, చెప్పింది నా చెల్లెలే అయినా ఒప్పుకోను అంది. చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది. ప్లాంటు వద్దంటే ఇక బస్సు కూడా రాదు అనేశాను.
“ఈ సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసే?” అంది అక్క.
నెల రోజులైంది అన్నాను. అక్క కూర్చుంది.

ఏప్రిల్ 22
అక్క ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 23
ఎత్తలేదు.

మే 6
అక్క ఆఫీసు నంబరుకి చేసింది. మేడమ్ గారు ఉన్నారా అని అడిగిందట. ఊరు కొన్ని షరతులతో ఒప్పుకుందని చెప్పింది. ప్లాంటు వాగు అవతల కట్టాలి, పేడ గుంతలకి మూతలుండాలి, గ్యాసు లీకైతే అలారం మోగాలి. అన్నిటికీ సరే అన్నాను. నా మీద కోపమా అక్కా అన్నాను.
“మీరు ఒప్పుకున్నారు. అది చాలండీ.” పెట్టేసింది.
బుద్ధెరిగాక అక్క నన్ను ‘మీరు’ అనడం ఇదే మొదలు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మే 7
రిపోర్టు ఇచ్చాను. సగం బస్సులు గ్యాసుతో, మిగతావి ఇంకొన్నాళ్ళు డీజిల్‌తో, ఒక్క రూటూ తీసెయ్యొద్దు అని రాశాను. ‘సగం’ దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. విసుగ్గా సంతకం పెట్టారు. ఆయనా అలిసిపోయినట్టున్నారు.

నవంబర్ 11
ఏడాదిన్నర తర్వాత డైరీ తెరిచాను. ఇవాళ గుట్ట మీద మొదటి గ్యాసు బస్సు, నేనూ ఎక్కాను. అక్క పక్క సీటు ఖాళీ. నేను నిలబడే వచ్చాను.
దిగేటప్పుడు నా వైపు చూసి, “కంపు కొడుతోంది కదే,” అంది.
ఏ వాసనా లేదు.
అవునక్కా అన్నాను.