మేనత్త పంపిన ఉప్పుమాంసం

లిఫుకా దీవి,
మార్చి 9.

పూజ్యులైన లెసియేలి అత్తయ్యగారికి,

ఈ ఉదయం చూపించిన దేవుడికి ముందుగా స్తోత్రం. మీ కోడలు లూపే తలవంచుకుని రాస్తున్న మాటలు ఇవి. మీ మేనల్లుడు సిఫాకి వేళ్లలో కలం నిలవడం లేదు. చాప మీద పడుకుని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను.

తను కులాసాగా ఉన్నానని రాయమన్నారు. తుఫాను వానకు పందుల దొడ్డి మునిగితే ఆ బురదనీళ్లలో దిగారు కదా, అప్పుడు పట్టిన జ్వరం పోయింది. జ్వరానికి ఆగిపోయిన మూత్రపిండాలు మళ్లీ పని మొదలుపెట్టాయని చెప్పే ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపారు. నర్సు వాసితక్క వారం వారం వచ్చి రక్తం తీసుకుంటుంది, తూకం వేస్తుంది. బరువు పెరుగుతున్నారు. చర్చిలో చూసినవాళ్లంతా సంతోషించారు. పక్కింటి మెలే అయితే, "ఏమే లూపే, మీ ఆయన బుగ్గలు పెళ్లివిందు పందిపిల్లలా నిగనిగలాడుతున్నాయి! ఏం పెడుతున్నావే?" అంది. ఆయన నవ్వారు.

మీరు పడవలో పంపిన ఉప్పుమాంసం బకెట్ అందింది. వాసితక్క దాన్ని చూసి, "ఉప్పు ముట్టొద్దంటే నీకు చెవులు లేవా సిఫా?" అని కేకలేసింది. "మా నాన్న అక్క పంపింది కాదంటే మా ఇంట్లో నాకు చోటుంటుందా అక్కా?" అన్నారు ఈయన. మీ చేతి ముద్ద తిని పెరిగానని, ఇప్పుడూ ముక్క మిగల్చనని రాయమన్నారు. రాశాను.

మీ దీవెనలు కోరే
లూపే

తా.క. పైదంతా చదివి వినిపిస్తే బాగుందన్నారు. ఇది మాత్రం రేవులో నిలబడి నేను రాస్తున్నది. అత్తయ్యగారూ, ఆయనకు పట్టింది కండ కాదు, నీరు. వాసితక్క ముంగాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ ఉప్పే నీటిని పట్టి ఉంచుతోందట. రక్తం మళ్లీ చెడుతోందట. ఇలాగే సాగితే మూత్రపిండాలు ఇక తేరుకోవట, రక్తం శుభ్రం చేసే యంత్రం ఇక్కడ లేదట. నర్సు మాటే వినని మనిషి నా మాట ఏం వింటారు? మీరు పెట్టింది కాదనరు. మీరు వద్దంటే ముట్టరు. ఈసారి పడవలో మాంసం పంపకండి. మీరు రండి. వచ్చి, ఆయన ముందున్న కంచం మీ చేత్తో తీసేయండి.