టైటానియం గదిలో గాలి గురించి

ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారి సముఖమునకు, కీళ్ళ కార్ఖానాలో మిల్లింగు మెషీను నడుపు ఆపరేటరు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: టైటానియం గదిలో నా భర్త మరణమునకు నమోదైన కారణము సరిదిద్దుట, సదరు గదిలో గాలి ఏర్పాట్లు చేయించుట, పాత కూలెంటు తిరిగి తేకుండా ఆపుట గురించి.

1. నేనూ నా భర్తా ఒకే మెషీను మీద చెరొక షిఫ్టు పనిచేసేవారము. మనుషుల మోకాళ్ళకు, తుంటికి అమర్చే టైటానియం కీళ్ళు అందులో తయారగును. ఈ లోహము కోసేటప్పుడు పుట్టిన వేడిని తనలోకి పోనివ్వదు. వేడంతా టూలు మొన మీదనే నిలిచి మొన మాడిపోవును. అందుకని కూలెంటు అనే, పాలలా తెల్లగా ఉండే నూనెనీళ్ళు ధారగా పోసేవారు. అవి పులిసి కంపు కొట్టేవి. ఆ తుంపరకు ఆయనకు దగ్గు పట్టుకున్నది. నా వేళ్ళ సందులు పగిలి, పాపకు జడ వేయడానికి కూడా చేతులు వచ్చేవి కావు. వాడేసిన నీళ్ళు వెనుక కాలువలో కలిసేవి.

2. ఆ నీళ్ళు మానిపించి ద్రవ నత్రజని పెట్టించినది నా భర్తయే. "గాల్లోంచి తీసింది, మళ్ళీ గాల్లోకే పోతుంది సార్. కడగక్కర్లేదు, పారబొయ్యక్కర్లేదు" అని మేనేజరు గారి వెంటపడి ఒప్పించినారు. చలిపొగ సన్నగా మొనకు తగిలేది. టూలు ఎక్కువకాలము నిలిచేది, రజను పొడిగా రాలేది. నా చేతులు మానినవి.

3. చలికాలమున కార్ఖానావారు తలుపులు బిగించి, చప్పుడు ఎక్కువగా ఉన్నదని గాలి బయటికి తోడే ఫ్యాను ఆపించినారు. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు. చల్లగా నేలబారున పేరుకొని గదిలో నిండి, పీల్చే గాలిని నెట్టివేయును. కింద పడిన కీలు తీయడానికి వంగిన నా భర్త మరి లేవలేదు. విచారణకు వచ్చినవారు తలుపులన్నీ తీసిన తరువాత గది చూచి, గుండె ఆగినదని వ్రాసుకొని వెళ్ళినారు. ఆయన గుండెకు ఏ జబ్బూ లేదని మనవి.

4. మెషీను ఆపినారు గాని గదికి తాళము వేయలేదు. సామాను కోసం లోపలికి వెళ్ళిన ఫిట్టరు తూలుతూ బయటికి వచ్చి, "ఆయన అక్కడే ఉన్నాడు" అన్నాడు. అప్పటినుంచి ఎవరూ అటు పోవడం లేదు. "జనం భయపడుతున్నారమ్మా. నత్రజని తీసేసి పాత కూలెంటే పెట్టేద్దాం" అని మేనేజరు గారు నాతో అన్నారు.

నేను వెళ్ళినాను. ఉన్నారేమోననే వెళ్ళినాను. తమకు అబద్ధం రాయలేను. చీలమండలకు చల్లగా తగిలినది. పెదవులు తిమ్మిరెక్కినవి. మెషీను పక్కన ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. "అప్పుడే వచ్చేశావా?" అన్నారు, రోజూ అడిగినట్టే.

"కాసేపు ఉంటాను" అన్నాను.

నాకు భయము కలుగలేదు. ఆయన దగ్గడం లేదు. అది చూసి ప్రాణం హాయిగా ఉంది. కాళ్ళు బరువెక్కి, అక్కడే కూర్చుందామనిపించింది.

స్టోర్సులో పనిచేసే మా ఆడపడుచు నా జబ్బ పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది. "వదినా, పెదాలు నీలంగా అయిపోయాయి నీకు. ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీ అన్నయ్యతో."

ఆమె ఏడవలేదు. నన్ను ఆరుబయట కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర నిలబడి చెవి ఒగ్గి విన్నది. "బుస్సుమంటోంది వదినా. నత్రజని వాల్వు సరిగ్గా మూయలేదు వీళ్ళు. గది ఇంకా నిండుతూనే ఉంది."

అయ్యా, ఫిట్టరుకు కనిపించినదీ నాకు కనిపించినదీ గాలి చాలకనే. ఇంకెవరైనా లోపలికి పోయి, బయటికి ఈడ్చే ఆడపడుచు లేకపోతే ఏమగును?

5. కావున ఫ్యాను తిరగనిదే వాల్వు తెరుచుకోని విధముగా బిగింపజేసి, ప్రాణవాయువు తగ్గితే మ్రోగు మీటరును నేలకు దగ్గరగా పెట్టించవలెను. మరణ కారణము సరిదిద్దవలెను. ఆయన కష్టపడి మానిపించిన ఆ పులిసిన నీళ్ళు ఆయన చావు పేరు చెప్పి తిరిగి తేనివ్వవద్దని ప్రార్థన.

ఈ కాగితము ఫైలులో చేరకముందే ఒక్కసారి గదికి విచ్చేసి, కళ్ళారా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
టైటానియం గది ఆపరేటరు

మరొక మాట: ఇది రాసి ముగించేలోగా మా ఆడపడుచు గ్యాసు మెకానిక్కును పట్టుకొచ్చింది. వాల్వు బిగించాడు. తలుపులు, కిటికీలు బార్లా తీశారు. అందరూ పోయి వచ్చారు. చివరికి నేనూ పోయాను. ఊపిరి బాగా ఆడింది. మెషీను పక్కన ఎవరూ లేరు. చాలాసేపు నిలబడ్డాను, పేరు పెట్టి కూడా పిలిచాను. తమరు నేను కోరినవన్నీ చేయిస్తే ఆయన మరి కనిపించరు. తెలిసే అడుగుతున్నాను. కాస్త తొందరగా చేయించండి. ఆ వాల్వు నేనే తిప్పుతానేమోనని మా ఆడపడుచు గది తాళంచెవి తన మెడలో వేసుకుని తిరుగుతోంది.